ఉన్ని అని చెప్పమన్న ఇల్లు

కార్పెట్ల పనిలో చేరుతున్నానని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది ఒకటే: మోకాళ్ళు గట్టిగా ఉన్నాయా అని. అడిగితే నవ్వుతారు. నవ్వనివ్వండి. ఈ పనంతా నేల మీదే. గది కొలవాలన్నా, అంచు కుట్టాలన్నా, మరక ఎంత లోపలికి దిగిందో చూడాలన్నా మోకాళ్ళ మీద కూర్చోవాల్సిందే. అలా కూర్చుని కూర్చుని, ఇప్పుడు మూసాపేట మెట్రో స్టేషన్‌లో మెట్ల వంక కూడా చూడకుండా నేరుగా లిఫ్ట్ దగ్గరికి పోతున్నాను.

మాది వరంగల్. నాన్న మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చాను. కొత్తగూడ చౌరస్తా దగ్గర ఒక కార్పెట్ షోరూంలో అంచులు కుట్టడానికి మనిషి కావాలంటే చేరాను. కొన్నాళ్ళకు ఇళ్ళకు వెళ్ళి కొలతలు తీసుకుని, ఏ ఇంటికి ఏది సరిపోతుందో చెప్పే పని నా మీద పడింది. ఆ పనిలోనే ఉండిపోయాను, ఆ పనిలోనే రిటైరయ్యాను. టార్గెట్లు, కమీషన్లు నన్ను అడగకండి. అవి చెప్పడానికి షోరూం నిండా మనుషులున్నారు. నేను ఇళ్ళలో చూసింది చెబుతాను.

కింద ఎవరు కూర్చుంటారు

మా యజమాని ప్రభాకర్ సార్ నాకు పని నేర్పిన మనిషి. ఆయన గురించి మంచి ముందే చెప్పేస్తాను. తర్వాత చెప్పబోయేది అంత మంచిగా ఉండదు. మొదటిసారి నన్ను ఒక ఇంటికి తీసుకుపోతూ కారులో ఇలా అన్నాడు.

"సోఫా ఏ రంగున్నది, పరదాలు ఏ రంగున్నయి అని చూడకు సుగుణా. ఆ ఇంట్ల కింద ఎవరు కూసుంటరో చూడు. కార్పెట్ వాళ్ళది. సోఫా మీద కూసునేటోళ్ళు దాన్ని ఉత్తగ చూస్తరంతే."

నా ఉద్యోగం మొత్తంలో ఇంతకంటే పనికొచ్చే మాట ఇంకొకటి వినలేదు. హైటెక్ సిటీ ఇళ్ళల్లో తలుపు తీసేది ల్యాప్‌టాప్ చేతిలో ఉన్న మనిషి. ఫోన్‌లో ఫొటో చూపించి "మా ఆఫీసులో ఇది ఉంది, అచ్చం ఇలాంటిదే కావాలి" అంటారు. ఆఫీసు కార్పెట్ మీద బూట్లు నడుస్తాయి, రోజూ ఎవరో ఒకరు మిషన్ పెట్టి ఊడుస్తారు. దాని మీద ఎవరూ పడుకోరు, పిల్లలకు అన్నం పెట్టరు, చిక్కుళ్ళు ఒలవరు. ఇంట్లో ఇవన్నీ చేసేవాళ్ళు లోపలి గదిలో ఉంటారు. ఏది కావాలో వాళ్ళను ఎవరూ అడగరు.

అందుకే ఏ ఇంటికి వెళ్ళినా, సోఫాలో కూర్చోమంటే వద్దని నేల మీద కూర్చునేదాన్ని. కొందరు మొహమాటపడేవాళ్ళు. "కొలతలకు వీలుగా ఉంటది" అని ఏదో చెప్పేదాన్ని. నేను కింద కూర్చున్నానని చూడగానే, లోపల్నుంచి ఒక పెద్దావిడో, వంటమనిషో, పాకే పిల్లో వచ్చి నా పక్కన చేరేవాళ్ళు. అసలు గిరాకీ వాళ్ళేనని అప్పుడు తెలిసేది.

పసుపు, కర్పూరం, కొబ్బరినూనె

ఉన్ని మంచిదా, సింథటిక్ మంచిదా అని అడగని ఇల్లు లేదు. ఒకటే జవాబు చెప్పే సేల్స్‌మన్‌ని మాత్రం నమ్మకండి. వాడి గోడౌన్‌లో ఏది మిగిలిపోయిందో అదే మంచిదని చెబుతాడు.

నేను మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని. నాకు ఉన్ని అంటే ప్రేమే. చెయ్యి పెడితే తెలుస్తుంది అది ఒకప్పుడు ప్రాణమున్న దాని ఒంటి మీదిదని. ఎన్నాళ్ళు తొక్కినా మళ్ళీ లేచి నిలబడుతుంది. ఇంట్లో చెప్పులు వేసుకోని మనలాంటి వాళ్ళ దగ్గర ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. కాకపోతే కొత్తలో నూగు రాలుతుంది. నెలల తరబడి ఊడుస్తూనే ఉండాలి. వానాకాలం తడి పీల్చుకుంటే ఆరడానికి మూలుగుతుంది. వాడకుండా చుట్టి అటక మీద పెట్టారా, చిమ్మెట పురుగుకు పండగే.

అన్నిటికంటే ఉన్నికి పసుపు పడదు. రంగు పట్టుకోవడం ఉన్ని గుణం, ఏ రంగైనా లోపలికి లాక్కుంటుంది. పేరంటంలో కాళ్ళకు పసుపు రాసుకున్న ఆడవాళ్ళు తెల్లటి ఉన్ని మీద నడిచిన ఇల్లొకటి చూశాను. ఆ అడుగులు ఇప్పటికీ అలాగే ఉండి ఉంటాయి.

సింథటిక్‌కు పసుపు అంతగా అంటదు. నీళ్ళు పోస్తే ఆరిపోతుంది, పిల్లల ఇంటికి సుఖం. కానీ నూనె వదలదు. తలకు కొబ్బరినూనె పెట్టుకుని టీవీ ముందు పడుకునే అలవాటున్న ఇంట్లో, దిండు జారిన చోటల్లా తల ఆకారంలో నల్లటి మరక తేలుతుంది. కడిగితే పోతుంది, వారం తర్వాత దుమ్ము పట్టి మళ్ళీ తేలుతుంది. రెండోది నిప్పు. అగ్గిపుల్ల పడితే ఉన్ని కొంచెం కమిలి, వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, దానంతటదే ఆరిపోతుంది. వేలితో నలిపితే పొడి అయిపోతుంది. సింథటిక్ కరుగుతుంది. కరిగి, గట్టి నల్ల గడ్డ కడుతుంది. రోజూ దీపం పెట్టి కర్పూర హారతి ఇచ్చే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

అంటే ఇల్లు ఒకటే, అందులో పసుపూ ఉంటుంది, కర్పూరమూ ఉంటుంది, కొబ్బరినూనె కూడా ఉంటుంది. ఏదో ఒకదానికి రాజీ పడాలి. దేనికి రాజీ పడాలన్నది మాత్రం ఇంట్లో వాళ్ళందరూ కలిసి తేల్చుకోవాలి. ఇది నాకు బాగా తెలిసొచ్చిన ఇల్లు మాదాపూర్‌లో ఉంది.

తడి బట్టలు, పాలిష్ టైల్స్

ఆ ఇంటి కోడలు దీప్తి గారు ఫోన్ చేసి పిలిచింది. భార్యాభర్తలిద్దరూ ఐటీ ఉద్యోగులే. భర్త పేరు రవికాంత్. వాళ్ళకు నాలుగేళ్ళ పాప. రవికాంత్ గారి అమ్మ అన్నపూర్ణమ్మ గారు కోనసీమ నుంచి వచ్చి వాళ్ళ దగ్గరే ఉంటున్నారు. హాలు విశాలంగా, అద్దంలా మెరిసే టైల్స్‌తో ఉంది. ఒక మూల చెక్క పూజా మందిరం.

నేను నేల మీద కూర్చోగానే పాప వచ్చి నా టేపు లాగడం మొదలుపెట్టింది. దాని గొంతులో సన్నగా పిల్లి కూత. ఆయాసం.

"మా అత్తయ్యగారు మొన్న జారి పడ్డారండీ," అంది దీప్తి గారు. "మడి కదా, స్నానం చేసి తడి బట్టతోనే మందిరం దగ్గరికి వస్తారు. నీళ్ళు కారి టైల్స్ మీద కాలు జారింది. దేవుడి దయ, ఏమీ విరగలేదు. ఆయనకి మాత్రం అప్పట్నుంచీ నిద్ర లేదు. హాలంతా కార్పెట్ వేసెయ్యాలని పట్టుబట్టారు."

"పాపకు గొంతు గట్లున్నది గదమ్మా. ఎప్పట్నుంచి?"

"అదేనండీ నా భయం. దుమ్ము పడదు దీనికి. ఏం వేసినా తరచుగా కడిగేసేలా ఉండాలి అని డాక్టర్ గారు చెప్పారు."

అప్పుడు లోపలి గది గుమ్మం దగ్గర అన్నపూర్ణమ్మ గారు కనిపించారు. పలచటి మనిషి, ముతక తెల్ల చీర. గుమ్మం దాటకుండానే మాట్లాడారు.

"వేస్తే ఉన్నిదే వెయ్యమను అమ్మాయీ. వేరేది వేస్తే నేను మడిలో దాని మీద అడుగు పెట్టలేను."

మడి తెలియని వాళ్ళకోసం రెండు మాటలు చెప్పాలి. స్నానం చేసి, తడి బట్టో విడిగా ఆరేసిన బట్టో కట్టుకున్నాక, పూజ ముగిసేదాకా వాళ్ళు ఎవర్నీ ముట్టుకోరు. చాప మీదో దుప్పటి మీదో వేరేవాళ్ళు కూర్చుంటే, అదే చాప తగిలినా ఆ మనిషిని ముట్టుకున్నట్టే. కానీ ఉన్నికీ పట్టుకీ ఆ అంటు లేదట. ఉన్ని మీద ఈ చివర మడి మనిషి, ఆ చివర మామూలు మనిషి కూర్చోవచ్చు. మడి చెడదు.

నిజం చెప్పొద్దూ, ఈ ముట్టూ అంటూ వ్యవహారం నాకు నచ్చదు. వాళ్ళ లెక్కలో నేనూ బయటిదాన్నే కదా. కానీ గది కొలిచినట్టే ఇంటివాళ్ళ ఆచారాన్ని కూడా కొలుచుకోవాలి. మనకు నచ్చలేదని గోడను జరపలేం.

పైగా ఆవిడ అడుగుతున్నది తన కోసం కాదని కాసేపట్లోనే తెలిసింది. రోజూ పొద్దున పూజ, పారాయణ చేసేంతసేపూ పాపను దగ్గరికి రానివ్వకూడదు. చాప వేసుకుంటే అది పరుగెత్తుకొచ్చి చాప తొక్కుతుంది. అందుకని ఆవిడ మందిరంలో దీపం మాత్రం వెలిగించి వచ్చి, తన గదిలోనే చిన్న పటం పెట్టుకుని, తలుపు దగ్గరికి వేసుకుని చదువుకునేవారు. పాప తలుపు బయట నిలబడి ఏడ్చేది. పాప లేచాక బడికి వెళ్ళేలోపు బామ్మతో గడిపే సమయమంతా అదే.

"ఉన్ని అయితే అది ఆ చివర కూర్చుని ఆడుకుంటుంది. నేను పైకి చదువుతాను, వింటుంది," అన్నారు ఆవిడ. "నాలుగు ముక్కలు చెవిన పడతాయి. నా మొహమైనా చూస్తుంది కదా."

నేను ఆలోచించి నాకు తోచింది చెప్పాను. హాలు మొత్తం కప్పొద్దు. స్నానాల గది నుంచి మందిరం దాకా పెద్దమ్మకు ఒక ఉన్ని ముక్క. దానికి జానెడు ఎడం ఇచ్చి పాపకు కడుక్కునే సింథటిక్ ముక్క. మధ్యలో టైల్స్ ఉంటాయి కాబట్టి అంటు రాదు, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఉన్ని ముక్క చిన్నది, బాల్కనీలో ఆరేసుకోవచ్చు.

దీప్తి గారికి నచ్చింది. రవికాంత్ గారు అప్పుడే మీటింగ్ ముగించుకుని గదిలోంచి వచ్చారు. విని తల అడ్డంగా ఊపారు. "హాలు ముక్కలు ముక్కలుగా ఉంటుందండీ. పైగా మళ్ళీ మధ్యలో టైల్స్ అంటున్నారు. అక్కడే జారితే? వద్దు. గోడ నుంచి గోడ దాకా ఒకటే వేసేద్దాం."

భయపడ్డ మనిషితో వాదించి లాభం లేదు. కొలతలు తీసుకుని వచ్చేశాను.

ఆ ఒక్క మాట

రెండు రోజులకు రవికాంత్ గారు నేరుగా ప్రభాకర్ సార్‌కే ఫోన్ చేశారు. సింథటిక్‌లో ఉన్నిలా కనిపించే రకం ఉంటుంది, మెరుపు లేకుండా, కొంచెం గరుగ్గా. హాలంతా అది వెయ్యమన్నారు. అమ్మతో మాత్రం ఉన్ని అని చెప్పమన్నారు.

సార్ నా బల్ల దగ్గరికి వచ్చి నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

"ఏంది సార్ గిట్ల? ఆమె దేవుని ముందట కూసునేది. ఉన్ని అని నమ్మి కూసుంటది."

"నమ్మితే ఏమైతది? ముసలామెకు సంబురం, పిల్లకు దమ్ము రాదు, కొడుకుకు నిద్ర పడ్తది. అందరికీ మంచిదే గదా. నువ్వెందుకు పరేషాన్ అయితున్నవ్?"

"ఆమె నన్ను అడిగితే నేను చెప్పేస్త సార్. ముందుగాలనే అంటున్న."

సార్ నా మొహం చూశాడు. నేనన్న పని చేస్తానని ఆయనకు తెలుసు. "సరే, నువ్వు పోకు. నేనే పోత," అన్నాడు. తనే దగ్గరుండి వేయించి, "ఉన్నేనమ్మా, అసలు ఉన్ని" అని చెప్పి వచ్చాడు.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. మా సార్ దొంగ కాదు. ఎవరికీ నాసిరకం అంటగట్టిన మనిషి కాదు. రవికాంత్ గారు తల్లిని మోసం చేయాలనుకునే కొడుకూ కాదు. ఇద్దరికీ మంచి ఉద్దేశమే. కానీ కొనేవాళ్ళు ఒకరు, దాని మీద కూర్చునేవాళ్ళు ఇంకొకరు అయినప్పుడు, కూర్చునేవాళ్ళకు మనం ఏమి చెబుతున్నామన్నది చూసుకోవాలి. డబ్బిచ్చిన వాళ్ళ మాటే మాట అనుకుంటే, సార్ నాకు మొదటిరోజు నేర్పిన పాఠం ఆయనే మరిచిపోయినట్టు. ఆ మాట ఆయనతో కూడా అన్నాను. ఆయన టీ తెమ్మని ఎవరికో కేకేసి మాట మార్చేశాడు.

తర్వాత ఆ ఇంటి సంగతులు దీప్తి గారు ఫోన్‌లో చెబుతూ ఉండేది. అన్నపూర్ణమ్మ గారు హాల్లోకి వచ్చేశారట. మందిరం ముందు కూర్చుని గట్టిగా చదువుతుంటే, పాప ఆ చివర బొమ్మలన్నీ పరుచుకుని, మధ్యమధ్యలో బామ్మతోపాటు తనకు తోచినట్టు పలుకుతోందట. "ఇల్లు కళకళలాడుతోందండీ," అనేది. నాకు సంతోషంగానే ఉండేది, దిగులుగానూ ఉండేది.

నల్ల గడ్డ

ఒక శుక్రవారం సాయంత్రం హారతి ఇచ్చాక దీప్తి గారు పళ్ళెం అందరికీ చూపిస్తోంది. పాప ఎగిరి అందుకోబోయింది. చెయ్యి తగిలి వెలిగే కర్పూరం కార్పెట్ మీద పడింది. దీప్తి గారు రాగి చెంబులో నీళ్ళు గుమ్మరించింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అప్పటికే అరచెయ్యంత మేర కరిగి, గడ్డ కట్టింది.

అన్నపూర్ణమ్మ గారు వంగి దాన్ని గోటితో గీకి చూశారట. అది పొడి కాలేదు. మర్నాటి నుంచి హాల్లోకి రావడం మానేశారు. పాత పటం మళ్ళీ గదిలో పెట్టుకున్నారు, తలుపు దగ్గరికి వేసుకున్నారు. పాప తలుపు బయట.

సోమవారం సార్ నన్ను పిలిచాడు. కాలిన ముక్క కోసి అతికే పని షోరూంలో నేనే చేసేదాన్ని.

"పోయి అతికి రా. అట్లనే ఆ ముసలామెతోని ఒక్క మాట చెప్పు సుగుణా. కొన్ని రకాల ఉన్ని గట్లనే కరుగుతది అని. రవికాంత్ సార్ బతిమిలాడుకుంటున్నడు. నువ్వు చెప్తే నమ్ముతది, ఆడమనిషివి, నిన్ను ఒకసారి చూసింది."

"మిగిలిన ముక్క ఏడున్నది సార్?" అని అడిగి, సంచి తీసుకుని బయల్దేరాను. చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు. కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ఆటోలో పోతున్నంతసేపూ ఆ ఒక్క మాటే తిప్పుకున్నాను. చెబితే ఏం పోయింది? రేపటి నుంచి ఆవిడ మళ్ళీ హాల్లోకి వస్తుంది. పాప ఏడుపు ఆగుతుంది. ఎవరికీ నష్టం లేదు. చెప్పకపోతే ఆ తలుపు ఇక తెరుచుకోదేమో. నిజమనేది ఎంత గొప్పదైనా, ఒక పసిదాన్ని బయట నిలబెట్టి చెప్పాలంటే నోరు రాదు. ఆ ఇంటి లిఫ్ట్ ఎక్కేదాకా నాకే తెలియదు నేను ఏమంటానో.

తలుపు రవికాంత్ గారు తీశారు. కళ్ళతోనే బతిమిలాడారు. దీప్తి గారు వంటింటి గుమ్మంలో ఉంది. పాప హాల్లో కింద కూర్చుని, బొమ్మలు ముట్టుకోకుండా ఊరికే గది వైపు చూస్తోంది.

నేను మోకాళ్ళ మీద కూర్చుని కాలిన చోట కత్తి పెట్టాను. గది తలుపు తెరుచుకుంది. అన్నపూర్ణమ్మ గారు స్నానం చేసి మడి కట్టుకుని ఉన్నారు. ఎప్పటిలాగే గుమ్మం దాటలేదు.

"అమ్మాయీ, ఇది ఉన్నేనా?"

రవికాంత్ గారు గబుక్కున అందుకున్నారు. "అమ్మా, ఆవిడ అదే చెప్పడానికి వచ్చారు. కొన్ని రకాల ఉన్ని..."

"నిన్ను కాదు నేను అడిగింది."

ఆవిడ నన్నే చూస్తున్నారు. కోపంగా కాదు. దబాయించడానికి అడిగే మనిషిలా కూడా లేరు. తెలుసుకోవాలని అడుగుతున్నారు. అలా అడిగిన మనిషికి అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"కాదమ్మా. ఉన్ని కాదు."

రవికాంత్ గారి మొహం ఎర్రబడింది. "మిమ్మల్ని ఎందుకు పిలిచామండీ అసలు?" అని నా మీదికి వచ్చారు. నేను కత్తి కింద పెట్టి తల వంచుకున్నాను. ఈ సంగతి తెలిశాక మా సార్ చాలా రోజులు నాతో ముఖం చూసి మాట్లాడలేదు, అది కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను.

"ఆవిడ మీద అరవకురా," అన్నారు అన్నపూర్ణమ్మ గారు. "ఆవిడ అడిగినదానికి చెప్పింది. ఆ పాటి నువ్వు చెయ్యలేకపోయావు."

"నువ్వు జారి పడ్డావమ్మా!" రవికాంత్ గారు తల్లి వైపు తిరిగారు. "నువ్వు నేల మీద పడి లేవలేకపోతుంటే నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఉన్ని వేస్తే నీ తడికి ఆరదన్నారు, పాపకి పడదేమోనని దీని భయం. ఇది వేస్తానంటే నువ్వు అడుగు పెట్టనన్నావు. నన్నేం చెయ్యమంటావు?"

"నన్ను అడగమంటాను."

ఆవిడ గుమ్మం పట్టుకుని కొడుకునే చూశారు.

"పిల్లకి దుమ్ము పడదు, ఉన్ని వద్దమ్మా అని ఒక్క మాట నాతో అంటే నేను కాదంటానా? నా మడి ఎక్కువా, దాని ఊపిరి ఎక్కువా అని నన్ను అడక్కుండానే, మడే ఎక్కువంటానని నువ్వే తీర్మానించేసుకున్నావు. అంత రాతిదాన్నా రా నేను నీ కంటికి?"

నేను ఆ ఇంటికి వెళ్ళిన రెండుసార్లలో ఆవిడ కళ్ళ నీళ్ళు చూడటం అదే. ఇన్నాళ్ళు ఉన్ని కాని దాని మీద కూర్చుని పూజ చేశానే అని బాధపడుతున్నారని నేను అనుకుంటూ వచ్చాను. కొడుకూ అదే అనుకున్నాడు. ఆవిడ బాధ అది కాదు. ఇంట్లో అందరూ కలిసి మాట్లాడుకుని, తనతో మాత్రం మాట్లాడటం దండగ అనుకున్నారే, అది ఆవిడకు తగిలింది.

దీప్తి గారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నాకూ తెలుసు అత్తయ్యగారూ. నేనూ చెప్పలేదు. మీరు హాల్లోకి వస్తున్నారు కదా, అంతే చాలనుకున్నాను."

నేను ఇక సంచి సర్దుకుని పోదామా అనుకుంటున్నాను. అప్పుడు అన్నపూర్ణమ్మ గారు గుమ్మం దాటారు. మడి బట్టతోనే వచ్చి, ఉన్ని కాదని తెలిసిన ఆ కార్పెట్ మీద, నేను కోస్తున్న చోటికి పక్కనే, మెల్లగా మోకాలు పట్టుకుంటూ కూర్చున్నారు. నాకూ ఆవిడకూ మధ్య జానెడు కూడా లేదు.

"ఇలా రావే," అన్నారు పాపను.

పాప లేచింది గానీ రాలేదు. దానికి బాగా నేర్పారు కదా. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. "మడి కదా బామ్మా. ముట్టుకోకూడదు కదా."

"మళ్ళీ స్నానం చేస్తానులే. రా."

పాప తండ్రి వంక చూసింది, తల్లి వంక చూసింది. ఆ తర్వాత ఒక్క పరుగున వచ్చి ఒళ్ళో పడింది. ఆవిడ దాన్ని రెండు చేతులతో దగ్గరికి లాక్కుని, దాని వీపు మీద చెవి పెట్టి ఆ పిల్లి కూత విన్నారు. చాలాసేపు విన్నారు. నేను కళ్ళు తుడుచుకోవడానికి కూడా చెయ్యి కదపలేదు.

రవికాంత్ గారు ఇంకా నిలబడిన చోటే ఉన్నారు, ఏం చెయ్యాలో తెలియక. ఆవిడ పాప తల నిమురుతూనే కొడుకు వైపు చూశారు.

"అలా నుంచుంటావేంరా? వెళ్ళి గీజర్ వెయ్యి."